కెమెరాకు చిక్కని గుర్రం!

సినిమాలో గుర్రప్పందెం సీను మొదలైందంటే చాలు, ఎవరు గెలుస్తారో నాకు ముందే తెలిసిపోతుంది. మీకు మాత్రం తెలియదా ఏమిటి? హీరోగారి గుర్రం మొదట్లో వెనకబడి తీరాలి. విలన్‌గారు బైనాక్యులర్స్ దించి మీసం మెలెయ్యాలి. హీరోయిన్ చేతులు జోడించి కళ్ళు మూసుకోవాలి. ఇంటి దగ్గర తల్లి దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టాలి. ఆ తర్వాత మన గుర్రం ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి వెంట్రుకవాసిలో గెలవాలి. హాలంతా ఈలలు! తీరా బయటికొచ్చాక మనమే అంటాం, "అంతా సినిమా కథ! నిజంగా ఎక్కడ జరుగుతుందండీ ఇలాగ?" అని.

జరిగిందండీ! 2009 మే 2వ తేదీ, శనివారం సాయంత్రం, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లూయీవిల్ అనే ఊళ్ళో జరిగింది. లక్షన్నర మందికి పైగా జనం కళ్ళెదుటే జరిగింది. సినిమావాళ్ళు రాసుకునేదానికంటే ఒక మెట్టు పైనే జరిగింది. ఎంత పైనంటే, మైకు ముందు కూర్చుని పందెం వర్ణిస్తున్న పెద్దమనిషికి కూడా, గెలిచే గుర్రం ఎక్కడుందో దాదాపు చివరిదాకా తెలియనే లేదు!

ఆ గుర్రం పేరు మైన్ దట్ బర్డ్. దాని కథతో '50 టు 1' అనే సినిమా 2014లో వచ్చింది. తమాషా ఏమిటంటే, మన అల్లు అర్జున్ 'రేసుగుర్రం' విడుదలైందీ ఆ ఏడాదే. మన సినిమాలో హీరోనే గుర్రం. వాళ్ళ సినిమాలో గుర్రమే హీరో!

వంశం మంచిదే... పిల్లే పొట్టిది!

రేసుల లోకంలోనూ మన ఫిల్మ్‌నగర్‌లోలాగే వంశాలూ వారసులూ ఉంటారు. తండ్రి ఫలానా పెద్ద పందెం గెలిచాడంటే, కొడుకు నాలుగు కాళ్ళమీద సరిగా నిలబడకముందే లక్షల డాలర్లు పలుకుతాడు. మన కథానాయకుడి తండ్రి బర్డ్‌స్టోన్ 2004లో బెల్మాంట్ స్టేక్స్ అనే మహా పందెం గెలిచినవాడే. తల్లి పేరు మైనింగ్ మై ఓన్. తల్లి పేరులోంచి కాస్త, తండ్రి పేరులోంచి కాస్త తీసి కొడుక్కి మైన్ దట్ బర్డ్ అని పెట్టారు.

అయితే పిల్ల చూడబోతే పొట్టిది. చూపరుల కంటికి ఆనేది కాదు. అంచేత ఏడాది వయసులో వేలానికి పెడితే 9,500 డాలర్లకే వెళ్ళిపోయింది. ఆ మార్కెట్టులో అది కారుచవక. చిన్నతనంలోనే సంతానం కలగకుండా శస్త్రచికిత్స కూడా చేసేశారు. అలాంటి గుర్రాలను గెల్డింగ్ అంటారు. అంటే రేపు పందేలు గెలిచినా వారసుల్ని ఇచ్చి యజమానికి డబ్బు సంపాదించి పెట్టే యోగం లేదన్నమాట. పరుగెత్తితేనే తిండి!

కెనడాలో పరుగెత్తింది. బాగానే పరుగెత్తింది. 2008లో అక్కడి రెండేళ్ళ మగగుర్రాల్లో మేటి అని బహుమతి కూడా ఇచ్చారు. ఆ పరుగు చూసి న్యూమెక్సికో రాష్ట్రానికి చెందిన మార్క్ ఆలెన్, లెనార్డ్ బ్లాక్ అనే ఇద్దరు మిత్రులు నాలుగు లక్షల డాలర్లు పోసి కొనుక్కున్నారు. ఆ అక్టోబరులోనే కాలిఫోర్నియాలో బ్రీడర్స్ కప్ పందెం. బరిలో 12 గుర్రాలు. మనది 12వ స్థానం! ఆ తర్వాత 2009లో సొంత రాష్ట్రంలోనే సన్‌లాండ్ డెర్బీ అనే పందెంలో నాలుగో స్థానం. ఇంతటి రికార్డుతో ఎవరైనా కెంటకీ డెర్బీకి బయల్దేరతారా?

వీళ్ళు బయల్దేరారు. గెలిచిన సొమ్ము లెక్కన అర్హత ఉంది కదా అన్నారు. కెంటకీ డెర్బీ అంటే 1875 నుంచీ ఏటేటా జరుగుతున్న పందెం. మూడేళ్ళ వయసు గుర్రాలే పాల్గొనాలి. అంటే ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కటే ఛాన్సు. వచ్చే ఏడు చూసుకుందాం అనడానికి వీల్లేదు.

ఖరీదైన గుర్రాలు విమానాల్లో దిగుతాయక్కడ. మనవాణ్ణి మాత్రం ట్రైనర్ చిప్ వూలీ తన బండి వెనక ట్రెయిలర్‌లో ఎక్కించుకుని, రెండువేల కిలోమీటర్లకు పైగా తనే నడుపుకుంటూ తీసుకొచ్చాడు. అదీ ఏ స్థితిలో? మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు విరిగి, చంకల కింద కర్రలతో! తలమీద నల్ల కౌబాయ్ టోపీ, చేతిలో రెండు కర్రలు, వెంట పొట్టి గుర్రం. పెద్దింటి పెళ్ళికి పిలవని చుట్టంలా వచ్చారు పాపం. పందెం కట్టేవాళ్ళు లెక్క తేల్చేశారు: యాభైకి ఒకటి! రూపాయి కట్టి గెలిస్తే యాభై ఇస్తాం, గెలిస్తే కదా... అన్న ధోరణి. ఆ సినిమా పేరు వెనక సంగతి అదే.

గేటు తెరుచుకుంది... దారి మూసుకుంది!

మలక్‌పేట రేసుకోర్సులో నేను ఒకసారి పందెం చూశాను. డబ్బు కట్టలేదు లెండి, ఊరికే చూశాను! గుర్రాలన్నిటినీ వరసగా ఇనప గేట్లలో నిలబెడతారు. ఒక్కసారిగా తలుపులు టపామని తెరుచుకుంటాయి. ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో సగం కథ అయిపోతుంది. ఎవరు లోపలి కంచె పక్కకి చేరారు, ఎవరు బయటికి నెట్టబడ్డారు అన్నది అక్కడే తేలిపోతుంది. లోపలి కంచె పక్కనుంచి వెళితే దారి దగ్గర, బయటినుంచి వెళితే మలుపు మలుపుకీ అదనపు దూరం.

డెర్బీలో ఆ రోజు 19 గుర్రాలు. ఒక్కొక్కటీ అర టన్నుకు దగ్గరగా తూగే దేహం. వాన కురిసి మైదానమంతా బురద బురద. అసలు అందరూ గెలుస్తుందనుకున్న గుర్రం ఐ వాంట్ రివెంజ్, ఆ ఉదయమే గాయం కారణంగా తప్పుకుంది. మనవాడిది 8వ నెంబరు గేటు.

గేటు తెరుచుకుంది. మైన్ దట్ బర్డ్ నాలుగడుగులు వేసిందో లేదో, రెండు పక్కల గుర్రాలూ దాని ముందుకు కమ్ముకొచ్చేశాయి. సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద మీరెప్పుడైనా ఇరుక్కున్నారా? అచ్చం అలాగే! జాకీ పగ్గాలు వెనక్కి లాగక తప్పలేదు. అంతే, అందరూ వెళ్ళిపోయారు. మనవాడు 19వ స్థానంలో మిగిలిపోయాడు. మామూలుగా చివర ఉండటం కాదు, పద్దెనిమిదో గుర్రానికి కూడా ఎంతో దూరంలో, ఒంటరిగా!

ఇక్కడ సినిమా పిచ్చివాళ్ళం మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పందెం వీడియో చూడండి. కెమెరా ముందున్న గుర్రాల మీదే ఉంటుంది. అది దాని ధర్మం. తెర మీద గుంపు కనిపిస్తుంది, గుంపులో ముందున్నవాళ్ళు కనిపిస్తారు. మన హీరో మాత్రం చాలాసేపు ఫ్రేములోనే లేడు. నాలుగు రీళ్ళ సినిమాలో మూడు రీళ్ళు హీరో లేకుండా నడిచినట్టు!

కొరడా తియ్యని జాకీ

అప్పుడు గుర్రం మీదున్న మనిషి ఏం చేశాడన్నదే ఈ కథకు ప్రాణం.

ఆయన పేరు కాల్విన్ బొరెల్. లూసియానా రాష్ట్రంలోని పల్లెటూరి మనిషి, 1966లో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో పల్లె పందేల్లో గుర్రమెక్కాడు. లోపలి కంచెను వాళ్ళ భాషలో 'రెయిల్' అంటారు. ఆ రెయిల్‌ని రాసుకుంటూ పోవడం ఈయనకు ఎంత ఇష్టమంటే, జనం ముద్దుగా 'బో-రెయిల్' అని పిలుచుకునేవారు. 2007లో ఇదే డెర్బీని స్ట్రీట్ సెన్స్ అనే గుర్రం మీద వెనకనుంచి వచ్చి గెలిచినవాడు. అంటే వెనకబడటం ఆయనకు కొత్త కాదు.

మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? గాభరా పడిపోతాం. పోయిన దూరమంతా తక్షణం లాగెయ్యాలని కొరడా తీస్తాం. గుర్రం పాపం రెచ్చిపోయి పరుగెత్తి, మొదటి మలుపులోనే ఊపిరంతా ఖర్చు పెట్టేస్తుంది. డెర్బీ దూరం ఒకటింబావు మైలు, అంటే సుమారు రెండు కిలోమీటర్లు. చివరి వంద గజాల్లో కాళ్ళు ఈడ్చుకుంటూ రావాల్సిందే.

బొరెల్ గాభరా పడలేదు. కొరడా తియ్యలేదు. గుర్రాన్ని దాని మానాన దాన్ని పరుగెత్తనిచ్చాడు. అది కుదురుకుంది. పైగా చెరుపులోనూ ఒక మేలుంది చూశారూ, ముందు గుంపుకి అంత దూరంలో ఉంది కాబట్టి ఎవరితోనూ తోపులాట లేదు. మెల్లిగా జరిగి లోపలి కంచె పక్కకి చేరింది. అడ్డం వచ్చేవాళ్ళు లేరు.

సగం దూరం దాటింది. అవతలి వైపు మలుపు దగ్గర బొరెల్ అప్పుడు అడిగాడు గుర్రాన్ని. అప్పటిదాకా దాచుకున్నదంతా అది బయటికి తీసింది! కంచె పక్క సందులోంచి ఒకటి, రెండు, ఐదు, పది... దాటేస్తోంది. చివరి మలుపు తిరిగేచోట అలిసిపోయిన గుర్రం ఒకటి అడ్డంగా ఉంది. దాని పక్కనుంచి చుట్టి మళ్ళీ లోపలికి దూరాడు. ఆ ముందు జాయిన్ ఇన్ ద డాన్స్ అనే గుర్రానికీ కంచెకీ మధ్య సన్నని సందు. గుర్రం పట్టేంత ఉందా లేదా అన్నది అనుమానం. సందేహిస్తే అయిపోయింది. సందేహించలేదు. దూరిపోయాడు!

వ్యాఖ్యాత టామ్ డర్కిన్ అమెరికాలో పేరు మోసిన గొంతు. ఆయన అప్పటిదాకా ముందున్నవాళ్ళ పేర్లే చదువుతున్నాడు. హఠాత్తుగా లోపలి పక్కనుంచి ఒక గుర్రం రివ్వున దూసుకుపోయింది. ఇదెవరిదిరా బాబూ అని గుర్తుపట్టి పేరు చెప్పేసరికే అది అందర్నీ దాటేసింది. ఆ గొంతులో తడబాటు వినండి, ఏ డబ్బింగ్ ఆర్టిస్టూ అంత సహజంగా చెప్పలేడు!

వెంట్రుకవాసిలో కాదండోయ్, ఆరూ ముప్పావు నిడివుల తేడాతో గెలిచింది. ఒక నిడివి అంటే ముక్కునుంచి తోకదాకా ఒక గుర్రమంత, సుమారు ఎనిమిది అడుగులు. పట్టిన సమయం 2 నిమిషాల 2.66 సెకన్లు. రెండో స్థానంలో పయనీరాఫ్ ద నైల్. తర్వాత్తర్వాత 2015లో ట్రిపుల్ క్రౌన్ గెల్చుకున్న అమెరికన్ ఫారోకి తండ్రి అయ్యింది ఇదే. అంటే మనవాడు ఓడించింది అల్లాటప్పా గుర్రాన్ని కాదు!

రెండు డాలర్లు కట్టినవాళ్ళకి 103 డాలర్ల 20 సెంట్లు వచ్చాయి. అప్పటికి డెర్బీ చరిత్రలో 1913లో డొనెరెయిల్ గెలుపు ఒక్కటే ఇంతకంటే పెద్ద సంచలనం. ఆ తర్వాత 2019లో కంట్రీ హౌస్, 2022లో రిచ్ స్ట్రైక్ కూడా ఇంతకంటే ఎక్కువ తెచ్చిపెట్టాయి. అన్నట్టు, ఇది చదివి జేబు తడుముకుంటూ రేసుకోర్సుకి పరుగెత్తకండేం! ఆ ఒక్క మనిషికి 103 వచ్చాయంటే, మిగతావాళ్ళంతా పోగొట్టుకుంటేనే వచ్చాయి.

ఇక నా సంగతి

గుర్రం గురించి రాయమంటే నీ గొడవ ఎందుకయ్యా అనకండి. సంబంధం ఉంది.

2009లోనే నేను డిగ్రీ ఫైనలియర్ పరీక్షల్లో అకౌంట్స్ పేపరు పోగొట్టుకున్నాను. ఒక్క పేపరే! కానీ మా బ్యాచ్‌లో స్నేహితులంతా సర్టిఫికెట్లు పట్టుకుని ఉద్యోగాల వేటకు వెళ్ళిపోయారు. నేను గేటు దగ్గరే మిగిలిపోయాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. మా నాన్న పక్కింటాయనతో మాట్లాడుతూ నా ఊసు రాగానే మాట మార్చేవారు.

అప్పుడు నేను చేసిందేమిటి? గాభరా! పోయిన ఏడాదిని ఆర్నెల్లలో లాగెయ్యాలని కంప్యూటర్ కోర్సులో చేరాను. అదే సమయంలో బ్యాంకు పరీక్షల కోచింగు. సాయంత్రాలు ట్యూషన్లు. రాత్రిళ్ళు కథలు రాసి పత్రికలకు పంపడం. దేన్నీ చివరిదాకా నడపలేదు. నామీద నేనే కొరడా ఝళిపించుకుంటూ మొదటి మలుపులోనే ఊపిరి పోగొట్టుకున్నాను. చివరికి ఆ అకౌంట్స్ పేపరు కూడా రెండోసారి పోయింది. మూడోసారి మిగతావన్నీ మానేసి అదొక్కటే చదివాను, పాసయ్యాను.

ఆ సినిమా వచ్చినప్పుడు దాని గురించి రాద్దామని వివరాలు వెతుకుతూ అసలు పందెం వీడియో మొదటిసారి చూశాను. గుర్రం ఎంత వేగంగా వచ్చిందో చూసి అందరూ నోరు తెరుస్తారు. నేను మాత్రం వెనక్కి తిప్పి, మొదటి అర నిమిషమే పదే పదే చూశాను. ఆ మనిషి ఎంత నిశ్చింతగా కూర్చున్నాడో! లక్షన్నర మంది ముందు, ఆఖరివాడిగా, మొహం నిండా బురదతో! వేగం ఆ తర్వాతి సంగతి. గెలుపు అక్కడ, ఆ కూర్చోవడంలో మొదలైంది.

ఆ తర్వాత... శుభం కార్డు పడిందా?

సినిమా అయితే ఇక్కడ 'శుభం' వేసేస్తారు. జీవితంలో ఇంకో రీలు మిగిలింది. అది చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే.

డెర్బీకి ముందు రోజే బొరెల్ మరో పందెం గెలిచాడు, రేచల్ అలెగ్జాండ్రా అనే ఆడగుర్రం మీద. రెండో స్థానానికీ దానికీ ఇరవై నిడివుల పైచిలుకు దూరం! రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ పందెంలో ఆ రెండు గుర్రాలూ ఎదురెదురయ్యాయి. బొరెల్ ఏది ఎక్కాలి? డెర్బీ గెలిపించిన మైన్ దట్ బర్డ్‌నా, ఆ ఆడపిల్లనా? ఆయన ఆడపిల్లనే ఎంచుకున్నాడు! త్యాగమూర్తి హీరోయిన్‌లా మనవాడు మైక్ స్మిత్ అనే మరో జాకీతో బరిలోకి దిగాడు. మళ్ళీ వెనకనుంచే వచ్చాడు. మళ్ళీ అందర్నీ దాటాడు, ఒక్కరిని తప్ప. ఒక్క నిడివి తేడాలో రేచల్ గెలిచింది. 85 ఏళ్ళ తర్వాత ప్రీక్‌నెస్ గెలిచిన ఆడగుర్రంగా పేరు తెచ్చుకుంది. జూన్‌లో బెల్మాంట్‌కి బొరెల్ తిరిగి మనవాడి జీను ఎక్కాడు. మూడో స్థానం దక్కింది.

ఆ తర్వాత? మైన్ దట్ బర్డ్ మరి ఒక్క పందెం కూడా గెలవలేదు. 2010లో విశ్రాంతి ఇచ్చేశారు. అంచేత ఓపిక పడితే ఎప్పటికీ గెలుస్తూనే ఉంటారని నేను మీకు చెప్పబోవడం లేదు. ఓపిక పట్టి కూడా ఓడిపోయిన గుర్రాలు ఎన్నో. వాటి మీద సినిమాలు రావు. ఆ సన్నని సందు ఆ క్షణాన మూసుకుపోయి ఉంటే ఈ వ్యాసమూ లేదు. కానీ ఒకటి మాత్రం నిజం. మొదట్లోనే గాభరా పడి ఉంటే, ఆ సందు తెరుచుకునే వేళకి దూరడానికి గుర్రంలో సత్తువ మిగిలి ఉండేది కాదు.

బొరెల్ మళ్ళీ 2010లో సూపర్ సేవర్ మీద డెర్బీ గెలిచాడు. నాలుగేళ్ళలో మూడు డెర్బీలు! 2013లో ఆ దేశపు రేసుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

ఇక సినిమా సంగతి. '50 టు 1'కి దర్శకుడు జిమ్ విల్సన్. ఆస్కార్ అందుకున్న 'డాన్సెస్ విత్ వుల్వ్స్' నిర్మాతల్లో ఒకడు. ట్రైనర్ వేషం స్కీట్ ఉల్‌రిచ్ వేశాడు. మరి జాకీ వేషం ఎవరు వేశారనుకున్నారు? ఎవరో ఎందుకండీ... కాల్విన్ బొరెల్ వేషం కాల్విన్ బొరెలే వేశాడు! గుర్రమెక్కి అలా కుదురుగా కూర్చోవడం ఇంకెవరికి చేతనవుతుంది?

సినిమా దొరికితే చూడండి. దొరక్కపోతే అసలు పందెం వీడియో చూడండి, రెండు నిమిషాలే కదా! కానీ ఒక్క షరతు. గేటు తెరుచుకోగానే అందరిలా ముందున్న గుర్రాలను చూడకండి. తెరకి ఎడమ చివర, ఫ్రేము అంచున, ఖాళీగా ఉన్న ఆ బురద మీద చూపు నిలపండి. అక్కడ ప్రస్తుతానికి ఎవరూ కనిపించరు.

ఉన్నాడు. వస్తున్నాడు.